బ్లాగుకు ‘అడల్ట్’ ముద్ర పడిందా..? రాసిందంతా పోకముందే కొత్త ప్లాట్‌ఫాం ఇట్లా వెతుక్కోండి

బెల్లంపల్లి: సింగరేణి క్వార్టర్లలో పెరిగినోళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గోడలకు రంగు మనమే వేసుకుంటం. వాకిట్ల జామచెట్టు మనమే పెట్టుకుంటం. ఇరవై ఏండ్లు ఉంటే అది సొంతిల్లే అనిపిస్తది. కానీ రిటైర్మెంట్ కాగితం వచ్చిన రోజు తాళంచెవి కంపెనీకి అప్పజెప్పాల్సిందే. ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరికే బ్లాగు కూడా సరిగ్గా అంతే. ఇక్కడ మాత్రం రిటైర్మెంట్ తేదీ ముందుగా ఎవ్వరూ చెప్పరు. ఒకరోజు పొద్దున్నే మెయిల్ వస్తది.. ‘మా పాలసీ మారింది, పెద్దల కంటెంట్ ఇక ఇక్కడ ఉండదు’ అని.

ఇది బూతు సైట్ల గొడవ, మనకెందుకులే అనుకుంటున్నారా? అక్కడే పొరపాటు. ఇలాంటి నిషేధం వచ్చినప్పుడు దెబ్బ తగిలేది వాళ్లకు మాత్రమే కాదు. నెలసరి గురించి, కాన్పు తర్వాత శరీరం గురించి రాసే ఆడవాళ్లు.. తమ జీవితం తాము రాసుకునే ట్రాన్స్‌జెండర్లు.. గుడి గోడల మీది శిల్పాల ఫొటోలు పెట్టేవాళ్లు.. ప్రేమ కథల్లో పడకగది తలుపు కొంచెం తెరిచి పెట్టే రచయితలు.. అందరూ ఒకే వలలో పడతారు. ఎందుకంటే వల వేసేది మనిషి కాదు, మెషీన్.

గతంలో ఏం జరిగింది.. ఇప్పుడు ఏం చేయాలి.. కొత్త చోటు ఎట్లా ఎంచుకోవాలి.. పూర్తి వివరాలు చూద్దాం.

నాలుగు రోజుల్లో యూటర్న్ తీసుకున్న గూగుల్

తెలుగు బ్లాగుల్లో చాలావరకు పుట్టింది గూగుల్ వారి బ్లాగర్‌లోనే. బ్లాగ్‌స్పాట్ అనే అడ్రస్ మీకు గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్ అందరి చేతికి రాకముందు, 2006 తర్వాత కొన్నేళ్లు తెలుగు బ్లాగులకు మంచి కాలం. లేఖిని పెట్టె తెరిచి ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు కొట్టడం, కూడలి లాంటి సంకలినిలో కొత్త పోస్టు కనిపించగానే కామెంట్ల కోసం ఎదురుచూడడం.. అదో లోకం.

ఆ లోకానికి 2015 ఫిబ్రవరి 23న చెమటలు పట్టాయి. లైంగిక దృశ్యాలు, పచ్చిగా చూపే నగ్న చిత్రాలు ఉన్న బ్లాగులు మార్చి 23 నుంచి పబ్లిక్‌గా కనిపించవని గూగుల్ ప్రకటించింది. పాత బ్లాగులను ప్రైవేట్ చేస్తామని, ఓనర్, ఓనర్ పిలిచినవాళ్లు మాత్రమే చూడగలరని చెప్పింది. కళ, విద్య, డాక్యుమెంటరీ, సైన్స్ కోసం అయితే మినహాయింపు ఉంటుందన్నది. కానీ ఏది కళో, ఏది కాదో తేల్చేది ఎవరు? మళ్లీ గూగులే కదా!

ప్రపంచవ్యాప్తంగా బ్లాగర్లు గొడవ చేశారు. పదేళ్లకు పైగా రాసుకున్నది ఒక్క నెలలో ఎక్కడికి మోసుకుపోవాలని అడిగారు. సరిగ్గా నాలుగు రోజులకు, ఫిబ్రవరి 27న, గూగుల్ వెనక్కి తగ్గింది. వ్యాపారం కోసం పెట్టే అశ్లీల బ్లాగుల మీదే పాత రూల్ గట్టిగా అమలు చేస్తామని చెప్పి వదిలేసింది. బ్లాగర్‌లో ఇప్పటికీ పెద్దల కంటెంట్‌కు చోటుంది. సెట్టింగ్స్‌లో ‘అడల్ట్’ అని మీరే టిక్ పెట్టుకోవాలి, దాని మీద డబ్బు సంపాదించకూడదు. టిక్ పెడితే చదివేవాళ్లకు ముందు ఒక హెచ్చరిక పేజీ వస్తుంది.

ఆ నాలుగు రోజుల్లో బ్యాకప్ తీసుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. వెనక్కి తగ్గారు కదా అని మళ్లీ మరిచిపోయినవాళ్లే ఎక్కువ.

టంబ్లర్ మాత్రం వెనక్కి తగ్గలేదు..

2018 నవంబర్‌లో ఆపిల్ తన యాప్ స్టోర్ నుంచి టంబ్లర్ యాప్‌ను తీసేసింది. పిల్లల మీద లైంగిక వేధింపులకు సంబంధించిన చిత్రాలు అందులో దొరకడమే కారణం. అది తీయాల్సిన తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ టంబ్లర్ ఆ తప్పు చేసినవాళ్ల దగ్గర ఆగలేదు. డిసెంబర్ 3న ప్రకటన, డిసెంబర్ 17 నుంచి అమలు. మొత్తం పెద్దల కంటెంట్‌కే గేటు మూసింది. అంటే జనాలకు ఇచ్చిన టైం రెండు వారాలు. బ్యాంకులో కేవైసీ అప్‌డేట్‌కు కూడా ఇంతకంటే ఎక్కువ గడువిస్తారు!

అసలు తమాషా ఆ తర్వాతే మొదలైంది. పోస్టులను జల్లెడ పట్టడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్ మామూలు బొమ్మలకు కూడా ‘అడల్ట్’ ముద్ర కొట్టేసింది. బట్టలు వేసుకున్న మనుషులు, కార్టూన్లు, పాత పెయింటింగులు.. దేన్నీ వదల్లేదు. రాతపూర్వక శృంగార కథలకు, కళాఖండాల్లోని నగ్నత్వానికి అనుమతి ఉందని కంపెనీ చెప్పింది. రూల్ పుస్తకంలో ఉన్నది వేరు, మెషీన్ చేసింది వేరు.

ఫలితం? సిమిలర్‌వెబ్ లెక్క ప్రకారం రెండు, మూడు నెలల్లోనే టంబ్లర్‌కు వచ్చేవాళ్లు దాదాపు 30 శాతం తగ్గిపోయారు. 2013లో యాహూ 110 కోట్ల డాలర్లకు కొన్న కంపెనీని 2019 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ కొనుక్కుంది. ధర 30 లక్షల డాలర్ల కంటే తక్కువేనని అప్పట్లో వార్తలొచ్చాయి. 2022 నవంబర్‌లో నగ్నత్వానికి మళ్లీ కొంత వెసులుబాటు ఇచ్చారు, పచ్చి లైంగిక దృశ్యాలకు కాదు. అప్పటికే పోయినవాళ్లు పోయారు.

రూల్ మార్చేది సైటు ఓనర్ అనుకుంటున్నారా?

చాలాసార్లు కాదు. పైనున్న ముగ్గురిలో ఒకరు నొక్కితేనే కిందివాళ్లు కదులుతారు. యాప్ స్టోర్, ప్రకటనలు ఇచ్చేవాళ్లు, కార్డు పేమెంట్ కంపెనీలు. 2021 ఆగస్టు 19న ఓన్లీఫ్యాన్స్ కూడా అశ్లీల వీడియోలు బంద్ అని ప్రకటించింది, బ్యాంకుల ఒత్తిడే కారణమని చెప్పింది. ఆరు రోజుల్లోనే, 25న, ఆ నిర్ణయాన్ని ఆపేసింది. 2025 జులైలో ఇచ్ డాట్ ఐవో అనే గేమ్స్ సైటు పేమెంట్ కంపెనీల ఒత్తిడితో పెద్దల గేమ్స్‌ను సెర్చ్‌లో కనిపించకుండా చేసింది.

ఇది ఎందుకు చెప్తున్నామంటే.. కొత్త ప్లాట్‌ఫాం వెతికేటప్పుడు ‘ఈ సైటోళ్లు మంచోళ్లు’ అనే మాట సరిపోదు. ఆ సైటు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? కేవలం యాప్ మీదే నడుస్తోందా, బ్రౌజర్‌లో కూడా బతుకుతుందా? ఇవి చూడాలి. యాప్‌తోనే నడిచేది ఆపిల్, గూగుల్ చేతిలో ఉన్నట్టే.

ముందు మూట కట్టుకోండి.. చోటు తర్వాత చూసుకోవచ్చు

మెయిల్ రాగానే అందరూ చేసే పని కొత్త సైటు కోసం వెతకడం. అది రెండో పని. మొదటి పని బ్యాకప్.

బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్ లోపల ‘మేనేజ్ బ్లాగ్’ కింద బ్యాకప్ ఆప్షన్ ఉంటుంది. పోస్టులు, కామెంట్లు అన్నీ ఒకే ఫైల్‌గా వస్తాయి. అయితే జాగ్రత్త.. ఆ ఫైల్‌లో ఫొటోలు ఉండవు, ఫొటోల లింకులు మాత్రమే ఉంటాయి. ఫొటో ఇంకా గూగుల్ సర్వర్‌లోనే ఉంటుంది. బ్లాగు మూతపడితే లింకు పనిచేయకపోవచ్చు. కాబట్టి ఫొటోలను విడిగా దించుకోవాలి. టంబ్లర్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే పోస్టులు, ఫొటోలు కలిపి జిప్ ఫైల్ ఇస్తారు. పెద్ద బ్లాగు అయితే అది తయారవ్వడానికే టైం పడుతుంది, చివరి రోజు దాకా ఆగొద్దు.

ఫోన్‌లోనే అంతా చేసేవాళ్లకు ఒక మాట. ఫైల్ దిగగానే ఫోన్ డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి. ఫోన్ పోతే అదీ పోతది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే మెయిల్ డ్రైవ్‌లో ఒకటి పెట్టండి. ముఖ్యమైన పోస్టుల లింకులను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్’ కొట్టి పెట్టుకోవచ్చు. కాకపోతే అందులో పడ్డది అందరికీ కనిపిస్తుంది. రేపు మీరే ఆ పోస్టు తీసేయాలనుకున్నా అక్కడ ఉండిపోవచ్చు. ఆలోచించి చేయండి.

కామెంట్లను తక్కువ చేసి చూడొద్దు. 2019లో గూగుల్ ప్లస్ మూతపడినప్పుడు దాని ద్వారా బ్లాగర్‌లో పెట్టిన కామెంట్లు కూడా పోయాయి. కొన్ని తెలుగు బ్లాగుల్లో పోస్టు కంటే కింద జరిగిన వాదనే బాగుండేది మరి!

వందేళ్ల కిందటి ‘కంటెంట్ బ్యాన్’ తెలుసా?

కాపీలు రెండు మూడు చోట్ల ఉండాలన్న మాట కంప్యూటర్లతో పుట్టింది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాశారు. శృంగార కావ్యం. తర్వాత అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు లేవని బెంగళూరు నాగరత్నమ్మ గమనించారు. రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించారు. అశ్లీలం అంటూ పెద్ద మనుషులు మండిపడ్డారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి ప్రతులను స్వాధీనం చేసుకుంది.

తర్వాత దాదాపు మూడున్నర దశాబ్దాలు అది నిషేధంలోనే ఉంది. మద్రాసు రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 1952లో వావిళ్ల వాళ్లే మళ్లీ అచ్చు వేశారు. పోలీసులు తీసుకుపోయిన తర్వాత కూడా ఎక్కడో ఒక ప్రతి మిగిలింది కాబట్టే ఇవాళ మనం ఆ కావ్యం గురించి మాట్లాడుకుంటున్నాం. ఒక్క సర్వర్‌లో, ఒక్క పాస్‌వర్డ్ కింద ఉన్న బ్లాగుకు ఆ భాగ్యం లేదు.

ఎక్కడికి పోవాలి మరి?

ముందు మీది రాతా, బొమ్మా అనేది తేల్చుకోండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. చాలా సైట్ల రూల్స్ బొమ్మలు, వీడియోల మీదే కఠినంగా ఉంటాయి. రాత మీద అంత కాదు.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌కు పోవడం బ్లాగర్ వాళ్లకు తేలిక. బ్లాగర్ ఫైల్‌ను నేరుగా ఎక్కించుకునే టూల్ అందులోనే ఉంది. పెద్దల విషయాలను ‘మెచ్యూర్’ అనే ముద్రతో ఒప్పుకుంటుంది, అశ్లీల వీడియోలు, లైంగిక చర్యల దృశ్యాలు పెడితే మాత్రం ఊరుకోదు. కథలు రాసేవాళ్లకు సబ్‌స్టాక్ ఇంకో దారి. శృంగార సాహిత్యానికి అనుమతి ఉందని దాని రూల్స్‌లోనే రాసి ఉంది, పోర్నోగ్రఫీకి లేదు. పోస్టు నేరుగా పాఠకుల మెయిల్‌కు పోతుంది. దీని అసలు లాభం ఏంటంటే పాఠకుల మెయిల్ లిస్టును మీరు దించుకోవచ్చు. రేపు సబ్‌స్టాక్ మూసేసినా పాఠకులు మీ దగ్గరే ఉంటారు. మా దృష్టిలో తెలుగు కథకులకు ఇదే మిగతా అన్నింటికంటే పనికొచ్చే సంగతి.

డ్రీమ్‌విడ్త్ అని ఒకటుంది, 2009 నుంచి నడుస్తోంది. ప్రకటనలు లేవు, సభ్యుల డబ్బుతో బతుకుతుంది. చూడ్డానికి పాతకాలం సైటులా ఉంటుంది, తెలుగు పాఠకులు తక్కువ. కానీ ప్రకటనల వాళ్లు నొక్కే మెడ దానికి లేదు.

ఇక సొంత సైటు. డొమైన్ పేరు కొని, హోస్టింగ్ తీసుకుని, వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను ఫ్రీగా వేసుకోవడం. డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు, ఆపైన అవుతుంది. హోస్టింగ్ ఖర్చు వేరే. ఇది పట్టా చేతికొచ్చినట్టే అని కొందరంటారు గానీ, పూర్తిగా నిజం కాదు. ఏటా కట్టకపోతే పేరు పోతుంది. హోస్టింగ్ కంపెనీలకు కూడా రూల్స్ ఉంటాయి, చాలావాటిలో పెద్దల కంటెంట్ వద్దని రాసి ఉంటుంది. తేడా ఒక్కటే.. వాళ్లు వెళ్లగొడితే అదే పేరుతో ఇంకో కంపెనీకి మారిపోవచ్చు. చదివేవాళ్లకు అడ్రస్ మారదు.

ఆ అడ్రస్ గురించే ఇంకో చిన్న చిక్కు. తెలుగులో టైటిల్ పెడితే బ్లాగర్ దాన్ని లింకులోకి తీసుకోదు. ‘బ్లాగ్-పోస్ట్_23’ అని ఏదో నంబర్ వేస్తుంది. వర్డ్‌ప్రెస్ తీసుకుంటుంది, కానీ వాట్సాప్‌లో పెట్టగానే శాతం గుర్తులు, అంకెలతో మూరెడు పొడుగు లింకు అవుతుంది. ఇల్లు మారేటప్పుడు పాత లింకులన్నీ తెగిపోయేది ఇక్కడే. సొంత వర్డ్‌ప్రెస్‌లో అయితే పెర్మాలింక్ సెట్టింగ్‌ను బ్లాగర్ తరహాలో ఏడాది, నెల, పేరు, డాట్ హెచ్‌టీఎంఎల్‌గా పెట్టుకోవచ్చు. ఓపిక ఉంటే కొత్త పోస్టులకు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి లింకు మీరే రాసుకోండి.

బెల్లంపల్లిలో ఉండి కలం పేరుతో రాస్తున్నారా.. ఇది తప్పక చదవండి

హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు తెలియదు. బెల్లంపల్లి లాంటి చోట బజారుకు పోతే ముగ్గురు పలకరిస్తారు. మీ నాయన ఏ గని మీద చేసిండో, మీ అత్తగారిది మందమర్రో చెన్నూరో కూడా వాళ్లకు తెలుసు. ఇలాంటి చోట శరీరం గురించి, కోరిక గురించి రాసే అమ్మాయికి కలం పేరు అలంకారం కాదు, గొడుగు. ప్లాట్‌ఫాం మారేటప్పుడే ఆ గొడుగు జారుతుంది.

ఎట్లా అంటే.. పాత బ్లాగు ఒక మెయిల్‌తో ఉంటుంది, కొత్త దాంట్లో తొందరలో సొంత పేరున్న మెయిల్‌తో లాగిన్ అవుతారు. ప్రొఫైల్‌లో అసలు పేరు పడుతుంది. అందుకే ముందు కలం పేరుకు వేరే మెయిల్ తెరవండి. పబ్లిష్ కొట్టేముందు లాగౌట్ చేసి, వేరే ఫోన్‌లో మీ పేజీ ఎట్లా కనిపిస్తుందో చూడండి.

డొమైన్ కొంటే పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ ఇవ్వాలి. డాట్ కామ్‌కు ఆ వివరాలు బయటకు కనిపించకుండా ప్రైవసీ ఆప్షన్ ఇస్తారు. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. పాఠకులు అభిమానంతో ఏమైనా ఇస్తామంటే యూపీఐ క్యూఆర్ పెట్టేస్తుంటారు. స్కాన్ చేయగానే బ్యాంకులో ఉన్న పేరు అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తుంది! ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ దాగి ఉండొచ్చు, కెమెరా సెట్టింగ్‌లో అది ఆపేయండి. పాత బ్లాగులో పెట్టిన గూగుల్ అనలిటిక్స్ కోడ్‌ను మీ అసలు పేరున్న ఇంకో సైటులో కూడా వాడుతుంటే, ఆ రెండూ ఒక్కరివే అని పట్టుకోవడం కష్టమేం కాదు.

అన్నింటికంటే ఎక్కువ లీకయ్యేది టెక్నాలజీ నుంచి కాదు. ‘కొత్త బ్లాగు పెట్టిన, చూడు’ అని నమ్మిన ఒక్కరికి వాట్సాప్ చేస్తాం. ఆ ఒక్కరికీ ఇంకో నమ్మిన మనిషి ఉంటారు.

చట్టం ఏమంటుంది?

కలం పేరు ఊరి నుంచి కాపాడొచ్చు, పోలీస్ కేసు నుంచి కాపాడదు. విదేశీ సైటు ఒప్పుకుంది కదా అంటే మన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. ఐటీ యాక్ట్ 67వ సెక్షన్ ప్రకారం అశ్లీలమైనది ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. లైంగిక చర్యలను నేరుగా చూపేది అయితే 67ఏ కింద ఐదేళ్లు, 10 లక్షల వరకు. సైన్స్, సాహిత్యం, కళ, విజ్ఞానం కోసం ప్రజలకు మేలు చేసేదైతే మినహాయింపు అదే చట్టంలో ఉంది. ఏది అశ్లీలం అన్నదానిపై కోర్టుల ఆలోచన కూడా మారుతూ వచ్చింది. బూతు మాట ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని ‘కాలేజ్ రొమాన్స్’ వెబ్ సిరీస్ కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది.

పిల్లల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ వెతకొద్దు. అలాంటివి పెట్టడమే కాదు, వెతకడం, దించుకోవడం కూడా 67బీ కింద నేరమే. ఇక ఒప్పుకోని మనిషి ఫొటో పెట్టడం శృంగార సాహిత్యమూ కాదు, కళా కాదు. మీ ఫొటోనే ఎవరైనా పెడితే 1930కి కాల్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలు కూడా ఆ పోర్టల్‌లో మహిళలకు, పిల్లలకు సంబంధించిన విభాగంలో ఉంది.

సైటు మూయకున్నా ఒక్కోసారి దారే మూసుకుపోతుంది. 2006 జులైలో ముంబై రైలు పేలుళ్ల తర్వాత కేంద్రం కొన్ని పేజీలను మాత్రమే ఆపమంటే, ఇంటర్నెట్ కంపెనీలు మొత్తం బ్లాగ్‌స్పాట్‌నే ఆపేశాయి. వంటల బ్లాగులు కూడా కొన్ని రోజులు తెరుచుకోలేదు.

మారాక ఏం చేయాలంటే..

పాత బ్లాగును వెంటనే డిలీట్ చేయకండి. పైన ఒకే ఒక్క పోస్టు పెట్టి కొత్త అడ్రస్ ఇవ్వండి, గడువు ఉన్నన్ని రోజులు అట్లాగే ఉంచండి. డిలీట్ చేస్తే అడ్రస్ చచ్చిపోయి పాత లింకు పట్టుకుని వచ్చే పాఠకుడు తిరిగి వెళ్లిపోతాడు. కొత్త చోట పాత పోస్టులన్నీ ఒకేసారి ఎక్కించాక ఓ పది తెరిచి చూడండి, ఒత్తులు విరిగాయా, ఫొటోలు ఇంకా పాత సర్వర్ నుంచే వస్తున్నాయా అని. ఫొటో మీద నొక్కి పట్టుకుంటే దాని లింకు కనిపిస్తుంది. అందులో పాత సైటు పేరే ఉంటే ఫొటో ఇంకా మూట కట్టనట్టే లెక్క.